కోహినూర్ క్యూ పక్కనే ఒక సమాధి: లండన్ వీడియోలు చేసే తెలుగు మిత్రులకు బహిరంగ లేఖ

లండన్ గురించి తెలుగులో వీడియోలు చేసే మిత్రులందరికీ,

నమస్కారం. నేను తూర్పు లండన్‌లో ఉంటాను. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా కోహినూర్ ఉన్న పాత కోట, లండన్ టవర్‌కి తీసుకెళ్లే డ్యూటీ నాదే. వచ్చేవాళ్లు ముందే మీ వీడియోలు చూసి వస్తారు. ఏ స్టేషన్‌లో దిగాలి, టికెట్ ఎప్పుడు కొనాలి, గొడుగు తెచ్చుకోవాలా వద్దా, అన్నీ మీ దగ్గరే నేర్చుకుంటారు. ఇంగ్లీషు రాని మా అమ్మలాంటివాళ్లకు మీరే గైడ్లు. అందుకు మనస్ఫూర్తిగా థ్యాంక్స్.

కానీ ఒక్క విషయంలో మీతో గట్టిగా మాట్లాడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ కోటలో ఒక చిన్న చర్చి ఉంది. దాని నేల కింద ఒక రాణి ఉంది. ఆమెను మీలో చాలామంది దెయ్యాన్ని చేసి పెట్టారు.

మా అమ్మ పుట్టిల్లు పల్నాడు, కృష్ణ ఒడ్డు. కోహినూర్ దొరికిందని చెప్పుకునే కొల్లూరు అక్కడికి ఎంతో దూరం లేదు. ఇప్పుడు ఆ పాత గనులున్న చోటు పులిచింతల నీళ్ల కింద ఉంది. అందుకే అమ్మ లండన్‌లో దిగిన దగ్గర్నుంచి ఒకటే మాట, "మన రాయి చూపించు" అని. తీసుకెళ్లాను. రాజాభరణాలు ఉంచే వాటర్‌లూ బ్యారక్స్ భవనం ముందు క్యూలో నిలబడ్డాం. మా వెనకాల ఉన్న తెలుగు కుర్రాడు ఫోన్ స్పీకర్ పెట్టి ఒక వీడియో చూస్తున్నాడు. కుక్కల ఏడుపు, తలుపుల కిర్రు, మధ్యలో పెద్ద గొంతు: తల లేని రాణి, ఆరు వేళ్ల మంత్రగత్తె, సొంత సోదరుడితో సంబంధం. అమ్మ కొంగు సర్దుకుని ఇబ్బందిగా అటు తిరిగింది. కాసేపాగి, "అంత పాపం చేసిందా ఆ పిల్ల?" అని నన్నడిగింది.

ఆ క్యూలో అమ్మకు చెప్పిందే మీకూ చెప్తున్నాను. మీరు నిలబడి వీడియో మొదలుపెట్టే చోటే ఈ కథ మొదలవుతుంది కూడా.

ఆన్ బొలీన్. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి రెండో భార్య. 1533 జూన్ 1న ఆమెకు పట్టాభిషేకం జరిగింది. దానికి ముందు ఆచారం ప్రకారం ఈ కోటలోనే రాజభవనంలో బస చేసింది. అదే ఏడాది సెప్టెంబర్ 7న ఎలిజబెత్‌ను కన్నది. రాజుకు కావాల్సింది కొడుకు. ఆ తర్వాత కడుపులు నిలవలేదు. మూడేళ్లు తిరక్కుండానే, 1536 మే 2న, గ్రీనిచ్ నుంచి పడవలో తెచ్చి మళ్లీ అదే భవనంలో పెట్టారు, ఈసారి ఖైదీగా. మే 15న విచారణ. తీర్పు చదివిన పెద్దమనిషి ఎవరనుకున్నారు? ఆమె సొంత మేనమామ, నార్‌ఫోక్ డ్యూక్. ఆ విచారణ చూడటానికి రెండు వేల మంది దాకా వచ్చారని చెప్తారు.

నేరాలేమిటి? అయిదుగురు మగవాళ్లతో సంబంధం, అందులో ఒకరు సోదరుడు జార్జ్. పైగా రాజును చంపడానికి కుట్ర. మంత్రగత్తె అన్న ఆరోపణ ఆ జాబితాలో లేదు. దాని మీద విచారణ జరగలేదు, శిక్షా పడలేదు. ఆరు వేళ్ల కథ నికొలస్ సాండర్ అనే ఆయన రాసిన పుస్తకంలోది. అది అచ్చయింది 1585లో, అంటే ఆమె పోయిన దాదాపు యాభై ఏళ్లకు. ఆయన ఎలిజబెత్ మతాన్ని, ఎలిజబెత్ ప్రభుత్వాన్ని వ్యతిరేకించి దేశం వదిలి వెళ్లిన మనిషి. కూతురి మీద కోపం తల్లి చేతి మీద రాశాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత మనం తెలుగులో దాన్ని థంబ్‌నెయిల్‌గా పెడుతున్నాం.

ఆ నేరాల్లో ఒకదాన్ని కాస్త దగ్గరగా చూడండి. 1533 అక్టోబర్ మొదట్లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో హెన్రీ నోరిస్ అనే ఆయనతో తప్పు చేసిందని ఆరోపణ పత్రంలో తారీఖుతో సహా ఉంది. అప్పటికి ఎలిజబెత్ పుట్టి నెల రోజులు. ఆన్ ఇంకా బాలింత. గ్రీనిచ్‌లో, గది దాటి బయటికి రాని స్థితిలో ఉంది. మన ఇళ్లలో పురుడు పోసుకున్న ఆడపిల్ల ఎలా ఉంటుందో తెలిసిన ఎవరైనా ఆ తారీఖు చదివితే మనసు కలుక్కుమంటుంది. అమ్మకు ఇది చెప్పగానే ఆవిడ నోట వచ్చిన మాట: "పచ్చి బాలింత మీదా!" మిగతా తారీఖులు కూడా చాలావరకు ఇలాంటివే. ఆ రోజు రాణి అక్కడ లేదు, లేదా ఆ మనిషి అక్కడ లేడు. ఈ లెక్కలన్నీ చరిత్రకారులు ఓపిగ్గా వేసి పెట్టారు.

ఆమెను అసహ్యించుకున్నవాళ్ల సాక్ష్యం కూడా ఉంది. స్పెయిన్ వైపు చక్రవర్తి రాయబారి షాప్వీ జీవితంలో ఒక్కసారి కూడా ఆమెను మనస్ఫూర్తిగా రాణి అనలేదు. ఉంపుడుగత్తె అనే రాసేవాడు. అలాంటి మనిషి కూడా రాసింది ఏమిటంటే, చనిపోయే ముందు రోజు ప్రభువు ప్రసాదం తీసుకునే ముందొకసారి, తీసుకున్నాక ఒకసారి, తన ఆత్మ మీద ఒట్టు పెట్టి, భర్తకు ఏనాడూ ద్రోహం చేయలేదని ఆమె చెప్పిందని. ఆ కాలపు మనుషులకు అది ఎంత పెద్ద ఒట్టో ఆలోచించండి. మర్నాడు చనిపోబోతూ, నరకానికి భయపడే మనిషి వేసిన ఒట్టు.

ఇంకో విడ్డూరం. మే 17న ఆర్చ్‌బిషప్ క్రాన్మర్ ఆమె పెళ్లి అసలు చెల్లనే చెల్లదని తీర్పు ఇచ్చాడు. పెళ్లే లేనప్పుడు భర్తకు ద్రోహం ఎక్కడిది? ఎవరూ అడగలేదు. అదే రోజు జార్జ్‌నీ మిగతా నలుగురినీ కోట బయట టవర్ హిల్ మీద నరికేశారు. మే 19 ఉదయం ఆమె వంతు వచ్చింది. గొడ్డలి వద్దని, కత్తితో నరకడంలో చేయి తిరిగినవాణ్ని సముద్రం అవతల కలే నుంచి పిలిపించారు. కోట అధికారి కింగ్‌స్టన్ రాసిన ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. నరికేవాడు చాలా నేర్పరి అట, నా మెడా చిన్నదే కదా అని మెడ చుట్టూ చేతులు పెట్టుకుని నవ్విందట. ఆ నవ్వును కొందరు వీడియోల్లో పిచ్చినవ్వు చేశారు. పదిహేడు రోజులు ఇవాళా రేపా అని ఎదురుచూసిన మనిషి నవ్వు అది. దయచేసి దానికి ఎకో ఎఫెక్ట్ పెట్టకండి.

ఆ చోటు ఎక్కడ? మీరంతా కోటలోని టవర్ గ్రీన్ అనే పచ్చిక దగ్గర గాజు దిండు ఉన్న స్మారకం చూపించి, ఇక్కడే నరికారు అంటారు. అది 2006లో పెట్టింది, చాలా అందంగా ఉంటుంది, చూపించండి. కానీ అసలు వేదిక అక్కడ కాదని, కోట మధ్యలో ఉన్న వైట్ టవర్‌కు ఉత్తరంగా, ఇప్పుడు వాటర్‌లూ బ్యారక్స్ ముందున్న ఖాళీ స్థలంలో కట్టారని ఈ విషయం మీద ఎక్కువ కృషి చేసిన చరిత్రకారులు అంటారు. అంటే ఎక్కడో తెలుసా? ఆభరణాలు చూడటానికి మనం నిలబడే క్యూ దగ్గర. మన రాయి కోసం మనవాళ్లు కాళ్లు లాగేదాకా నిలబడి, ఆవకాయ అన్నం బాక్సు ఎక్కడ విప్పుదామా అని చూసుకునే ఆ బండల చుట్టుపక్కలే. ఇది చెప్పగానే అమ్మ రెండడుగులు పక్కకు జరిగింది, ఎవరి కాలో తొక్కినట్టు.

ఇక సమాధి సంగతి. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

విచారణ కోసం మెట్ల మెట్లుగా ఆసనాలు కట్టించారు. వేదిక కట్టించారు. కత్తివాడికి డబ్బు కట్టారు. శవపేటిక చేయించడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు, లేదా అవసరం అనిపించలేదు. ఆమె వెంట వేదిక ఎక్కిన ఆడవాళ్లు మగవాళ్లెవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒకామె తలను తెల్లగుడ్డలో చుట్టింది. మిగతావాళ్లు శరీరాన్ని మోశారు. పెట్టె కోసం వెతికితే ఆయుధాగారంలో బాణాలు పెట్టుకునే ఎల్మ్ చెక్క పెట్టె ఒకటి దొరికింది. అందులోనే పెట్టారు. అక్కడి నుంచి చర్చికి నడిస్తే రెండు నిమిషాలు. ముందటి గదిలో, బలిపీఠం దగ్గర నేల కింద, రెండు రోజుల ముందు పూడ్చిన సోదరుడికి దగ్గరలోనే ఆమెనూ పూడ్చారు. పైన రాయి లేదు, పేరు లేదు. పదకొండు రోజులకు, మే 30న, రాజు జేన్ సీమోర్‌ను పెళ్లి చేసుకున్నాడు. మన లెక్కలో పదకొండో రోజంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఆ చర్చి పేరు సెయింట్ పీటర్ ఆడ్ విన్‌క్యులా. సంకెళ్లలో ఉన్న పీటర్ అని అర్థం. జైలు గుడికి ఇంతకంటే తగిన పేరు ఉండదు. ఆ చిన్న నేల కింద ఎవరెవరున్నారో చూడండి: రాజును చర్చికి అధిపతిగా ఒప్పుకోనందుకు 1535లో తల పోగొట్టుకున్న థామస్ మోర్, బిషప్ ఫిషర్, ఆన్‌ను పడగొట్టడంలో ముందున్న థామస్ క్రామ్‌వెల్, నాలుగేళ్లకే తనూ అదే దారి పట్టినవాడు, హెన్రీ అయిదో భార్య క్యాథరిన్ హోవర్డ్, 1542, తొమ్మిది రోజుల రాణి జేన్ గ్రే, 1554. చంపించినవాళ్లూ చచ్చినవాళ్లూ పక్కపక్కనే.

340 ఏళ్లు ఆన్ అలాగే పేరు లేకుండా ఉంది. 1876లో విక్టోరియా రాణి అనుమతితో మరమ్మతులు మొదలుపెట్టి, కుంగిన బండలు ఎత్తారు. రాణి ఉండాల్సిన చోట రెండడుగుల లోతులో ఒక స్త్రీ ఎముకలు దొరికాయి. వరసగా లేవు, ఒకచోటికి కుప్ప చేసినట్టు ఉన్నాయి. తర్వాతి కాలంలో ఇంకెవరినో పూడ్చడానికి ఆమెను పక్కకు నెట్టినట్టున్నారు. డాక్టర్ మౌవాట్ అనే ఆయన ఆ ఎముకల్ని పరీక్షించి రాసిన వివరాలు చదువుతుంటే నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. పాతికా ముప్ఫై ఏళ్ల మధ్య వయసు. సన్నని మెడ ఎముకలు. గుండ్రని తల, పెద్ద కళ్లు. సన్నని పాదాలు. సన్నగా సాగిన అందమైన వేళ్లు. అదనపు వేలు మాట ఎక్కడా లేదు. 1877 ఏప్రిల్‌లో సీసపు పెట్టెల్లో పెట్టి మళ్లీ అక్కడే ఉంచి, పైన పాలరాయి పరిచి పేరు చెక్కారు. ఆ ఎముకలు ఆమెవేనా, లేక పక్కన పడుకున్న మరో స్త్రీవా అని ఈరోజుకీ వాదించే చరిత్రకారులు ఉన్నారు. కానీ ఆమె ఆ నేలలోనే ఉందన్న దాంట్లో పెద్దగా తేడా లేదు. రాత్రికి రాత్రి శవాన్ని నార్‌ఫోక్‌కు తీసుకెళ్లి నల్లబండ కింద దాచారన్న కథ ఊరి కథే. ఏటా మే 19న తల లేకుండా బ్లిక్లింగ్ హాల్‌కు బండిలో వస్తుందన్నది కూడా అంతే. ఇప్పుడున్న ఆ భవనం ఆమె పోయిన దాదాపు ఎనభై ఏళ్లకు కట్టింది. తను చూడని ఇంటికి ఎందుకు వస్తుంది పాపం?

కోహినూర్ చూశాక అమ్మను చర్చిలోకి తీసుకెళ్లాను. గుమ్మంలో ఆగి "బూట్లు విప్పాలా?" అంది. అక్కర్లేదన్నాను. కాస్త దూరం నుంచే ఆ పలక చూశాం. రంగుల కులచిహ్నం, కింద రాణి పేరు, రోమన్ అంకెల్లో 1536. అమ్మ ఆ అంకెలు చదవలేదు కానీ చాలాసేపు చూసింది. చివరికి అడిగింది: "కూతురు రాణి అయ్యింది అన్నావుగా. మరి తల్లిని మంచి చోటికి మార్చలేదా?"

మార్చలేదు. తల్లి పోయేనాటికి ఎలిజబెత్‌కు మూడేళ్లు నిండలేదు. 1554లో ఆమెను కూడా అక్క మేరీ ఇదే కోటలో ఖైదు చేసింది. రెండు నెలలు, తల్లి ఉన్న నేలకు ఇంత దూరంలో. బతికి బయటపడ్డ రోజు మే 19. తర్వాత 44 ఏళ్లు దేశాన్ని ఏలింది. అయినా తల్లి ఊసెత్తితే తన పుట్టుక మీదే తగాదా లేస్తుంది. తల్లి పెళ్లి చెల్లదన్న తీర్పు అలాగే ఉండిపోయింది మరి. పైకి ఏమీ చేయలేదు. కానీ ఆమెకొక ఉంగరం ఉంది, ఇప్పుడు బ్రిటన్ ప్రధాని విడిది ఇల్లు చెకర్స్‌లో ఉంటుంది. మూత తెరిస్తే లోపల చిన్నగా రెండు ముఖాలు. ఒకటి ఎలిజబెత్. రెండోది తల్లిదేనని చాలామంది నమ్ముతారు. మూత వేస్తే రెండు ముఖాలూ ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఎలిజబెత్ చంపించిన స్కాట్లండ్ రాణి మేరీ సంగతి చూడండి, ఆమె కొడుకు రాజయ్యాక 1612లో తల్లిని పీటర్‌బరో నుంచి తెప్పించి వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో పెద్ద సమాధి కట్టించాడు. ఆన్‌కు ఆ భాగ్యం దక్కలేదు.

ఒక మాట పక్కన చెప్పుకోవాలి. కోహినూర్ కథలోనూ ఒక రాణి ఉంది, మీ వీడియోల్లో ఆమె పేరు రాదు. పదేళ్ల పంజాబ్ మహారాజు దులీప్ సింగ్ చేత 1849లో ఆ రాయి రాయించుకునే ముందే తల్లి జిందన్ కౌర్‌ను కొడుకు నుంచి విడదీసి ఖైదు చేశారు. 1863లో ఆమె లండన్‌లోనే పోయింది. దహనం చేయనివ్వక కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంచారు. మరుసటి ఏడు కొడుకు ఆమెను మన దేశం తెచ్చి దహనం చేసి, నాసిక్‌లో గోదావరి ఒడ్డున చిన్న స్మారకం కట్టించాడు. పంజాబ్‌కు తీసుకెళ్లనివ్వలేదు. ఆ రాయి గురించి ఇరవై నిమిషాలు చెప్పేటప్పుడు ఆమెకు ఒక్క నిమిషం ఇవ్వండి.

మీ కష్టం నాకు తెలుసు. ఆభరణాల గదిలో కెమెరా తీయనివ్వరు. కోహినూర్ చూపించలేరు. వీడియోలో ఆ ఖాళీ పూడ్చడానికి దెయ్యం కథ సులువుగా దొరుకుతుంది, వ్యూస్ కూడా వస్తాయి. కానీ మంత్రగత్తె అన్న మాట మన దగ్గర ఉత్త కథ కాదు కదా. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి అనుమానంతో ఆడవాళ్లను కొట్టిన, చంపిన వార్తలు మనమంతా చదివినవే. ఆ మాటను మ్యూజిక్ పెట్టి మన భాషలో, మన పల్లె ఫోన్లలోకి పంపిస్తున్నారు. కోర్టులో ఆమె మీద మోపని నేరాన్ని మీరు మోపుతున్నారు. కింద కామెంట్లలో ఆమెను ఏమేం మాటలంటున్నారో నేను ఇక్కడ రాయలేను. ఆ మాటలు చదివేవాళ్లలో మా అమ్మ ఉంది, మీ అమ్మలూ ఉన్నారు.

అందుకే అడుగుతున్నాను. పాత వీడియోల్లో కనీసం టైటిళ్లు మార్చండి. తల లేని రాణి అని రాసిన చోట ఆన్ బొలీన్ అని పేరు రాయండి. క్యూలో నిలబడి మాట్లాడేటప్పుడు కెమెరా ఒకసారి కిందికి, ఆ బండల వైపు తిప్పి, అక్కడ ఏం జరిగిందో చెప్పండి. తర్వాత ఎడమ పక్కనున్న ఆ చిన్న చర్చిని చూపించండి. బాణాల పెట్టె గురించి చెప్పండి. ఆ ఆడవాళ్లు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తామే మోశారని చెప్పండి. ఆసక్తి తగ్గుతుందని భయపడకండి. ఆ రోజు మా వెనకాల ఉన్న కుర్రాడు నేను అమ్మకు చెప్పేదంతా వింటూ ఎప్పుడో ఫోన్ ఆపేశాడు. చర్చిలోకి కూడా మా వెంటే వచ్చాడు.

వీలైతే మే 19న వెళ్లండి. ఎన్నో ఏళ్లుగా ప్రతి సంవత్సరం ఆ రోజుకు పేరు చెప్పని ఎవరో కోటకు ఎర్ర గులాబీలు పంపిస్తారు. అక్కడి కాపలా ఉద్యోగులు వాటిని తీసుకెళ్లి ఆమె పలక మీద పెడతారు. దీని గురించి విన్నప్పుడు అమ్మ ఇంకేమీ అడగలేదు. "తద్దినం పెట్టేవాళ్లు ఉన్నారన్నమాట" అని, చేతులు జోడించి బయటికి నడిచింది.

ఇట్లు,
తూర్పు లండన్ నుంచి మీ ప్రేక్షకురాలు